పేరడిగిన నల్లతెర

విరూపాక్ష శర్మగారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ప్రాస కుదరడం లేదని మొరపెట్టుకున్న శిష్యుడి చేత ఒకసారి చిక్కుపడ్డ చేదతాడు విప్పించారు. యతి ఎక్కడ పడాలో తెలియడం లేదన్నవాణ్ణి బిందె ఇచ్చి వీధి కొళాయికి పంపి, తిరిగి వచ్చాక "యాడ దించి చెయ్యి మార్చుకున్నావు?" అని అడిగారు. దీన్ని గొప్ప బోధన అని చెప్పుకునేవాళ్ళు ప్రొద్దుటూరులో కొందరున్నారు. ఇంటి చాకిరీ చేయించుకోవడానికి పండితుడు కనిపెట్టిన ఉపాయం అనేవాళ్ళూ ఉన్నారు. రెండో పక్షాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేం. ఆ తాడు నిజంగానే చిక్కుపడి ఉండింది. ఆ పూట ఇంట్లో నీళ్ళు నిజంగానే లేవు.

కార్తీకమాసంలో ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకునే శిష్యుడు ఓబులేసు ఆయన ఇంటికి వచ్చాడు. బండి హ్యాండిలుకు ప్లాస్టిక్ సంచీ వేలాడుతోంది. అందులో జమ్మలమడుగు సభలో కప్పిన శాలువా, మడత విప్పకుండా ఉంది. సభల్లో కప్పే శాలువాల సంగతి మగ్గాల సందులో పుట్టిన ఓబులేసుకు వేరే చెప్పనక్కర్లేదు. వేలితో తాకితే చాలు, అది ఏ మరమగ్గం మీద నేసిందో, రెండు ఉతుకులకు ఎంత కురచ అవుతుందో చెప్పగలడు. కప్పించుకున్నవాడు దాన్ని ఇంకొకరికి కప్పుతాడు, ఆ ఇంకొకరు మరొకరికి. ఒకే శాలువా జిల్లా అంతా తిరిగి మళ్ళీ మొదటి భుజం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయంటారు. ఈ శాలువాను మాత్రం ఓబులేసు ఎవరికీ కప్పదలచుకోలేదు. గురువుగారి పాదాల దగ్గర పెట్టి, ఇక నావల్ల కాదు అని చెప్పి వెళ్ళిపోదామని వచ్చాడు.

అవధానం అన్న మాటను విడమరచి చెప్పాల్సిన కాలం వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. వేదిక మీద ఒక్కడు కూర్చుంటాడు. చుట్టూ ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు ఫలానా అక్షరం వాడకూడదంటూ పద్యం చెప్పమంటారు. ఒకరు అర్థం పర్థం లేని చివరి పాదం ఇచ్చి మిగతాది పూరించమంటారు. ఒకరు బస్సు, లారీ వంటి మాటలు నాలుగు ఇచ్చి వాటిని భారతార్థంలో ఇమడ్చమంటారు, అది దత్తపది. అందరికీ ఒక్కొక్క పాదం చొప్పున చెబుతూ చుట్టి రావాలి, ఒక్కో చుట్టు ఒక ఆవృత్తి. ఈ లోపల ఒకాయన తనకు తోచినప్పుడల్లా గంట కొడుతుంటాడు. మొత్తం ఎన్ని కొట్టాడో చివర్లో అవధాని చెప్పాలి. కొట్టినాయన దగ్గరా లెక్క ఉంటుంది, రెండూ సరిపోవాలి. ఇంకొకాయన పనల్లా పనికిమాలిన ప్రశ్నలు వేసి అవధాని దృష్టి చెడగొట్టడం. ఆయన్ను అప్రస్తుత ప్రసంగి అంటారు. అన్నీ అయ్యాక చెప్పిన పద్యాలన్నింటినీ కాగితం చూడకుండా వరసగా అప్పజెప్పాలి, అది ధారణ. నిజానికి జనం పద్యాల కంటే అప్రస్తుతం కోసమే వస్తారు. ఈ మాట పండితులు ఒప్పుకోరు గాని, ముందు వరసలో కూర్చున్నవాళ్ళ ముఖాలు చూస్తే తెలిసిపోతుంది.

జమ్మలమడుగులో అప్రస్తుత ప్రసంగి సుబ్బరాయుడనే హోమియో డాక్టరు. మొదటి ఆవృత్తిలో ఆయన, "అవధానిగారూ, మీ ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలకు దించుతారు?" అన్నాడు. "మా ఇంట్లో కూసేది కుక్కరు కాదు డాక్టరుగారూ, దించే ధైర్యం నాకు లేదు" అన్నాడు ఓబులేసు. సభ ఘొల్లుమంది. ఆడవాళ్ళ వరసలో అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అట్లా బాగానే సాగుతున్న సభలో మూడో ఆవృత్తి దగ్గర డాక్టరు మళ్ళీ లేచాడు. "కరపత్రంలో అహోబలేశం అని వేసినారు. మీ కాలేజీలో అడిగితే ఓబులేసు అంటాండారు. ఇంతకూ మీ గురువుగారు మిమ్మల్ని ఏమని పిలుస్తారు స్వామీ?"

చాలా తేలికైన ప్రశ్న. జవాబు నాలుక మీదే ఉంది. అహోబలేశం అన్న పేరు పెట్టింది గురువుగారే. "ఓబులేసన్నా అహోబలేశుడే నాయనా. నోళ్ళలో నలిగి మడత పడింది. వేదిక మీద మడత విప్పి కప్పుకో" అని మొదటి అవధానానికి ముందు ఆయనే అన్నారు. ఆ మాట చెబితే చప్పట్లు మోగేవి. కానీ చెప్పబోయిన క్షణంలో ఓబులేసుకు ఒకటి తట్టింది. గురువుగారు ఈ మధ్య తనను ఆ పేరుతో పిలవలేదు. ఏ పేరుతోనూ పిలవలేదు. నాయనా అంటున్నారు. పాలవాణ్ణీ నాయనా అంటారు, గ్యాసు బండ మోసుకొచ్చినవాణ్ణీ నాయనా అంటారు, తననూ అంతే. ఎప్పటి నుంచి? వేదిక మీద కూర్చొని అతను వెనక్కి వెతకడం మొదలుపెట్టాడు. దసరాకు ముందు పిలిచారు, గుర్తుంది. ఆ తరువాత లేదు. తాను చేసిన తప్పేమిటి? గంట మోగింది. అది ఎన్నోదో తెలియలేదు. ఎదురుగా దత్తపది ఆయన మూడో పాదం కోసం చూస్తున్నాడు. పాదం ఉంది. అక్షరం అక్షరం కళ్ళ ముందు ఉంది. నోరు తెరిచే ఉంది. మాట రాలేదు. "అవధానిగారికి మంచినీళ్ళు" అని సంచాలకుడు కేక వేశాడు. నీళ్ళు వచ్చాయి, తాగాడు, మళ్ళీ నోరు తెరిచాడు. జనం మొదట నవ్వారు, తరువాత నవ్వడం మానేశారు. ఆ రెండోది భరించడం కష్టమైంది. చివరికి ఎవరో జాలిపడి చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. శాలువా కప్పారు.

వచ్చే ఆదివారం నంద్యాలలో ఇంకో సభ ఒప్పుకొని ఉన్నాడు. నిర్వాహకుడు చిన్నపరెడ్డి పొద్దున్నే ఫోను చేశాడు. "జమ్మలమడుగు సంగతి తెలిసింది. ఏం పర్వాలేదప్పా, అందరికీ ఉండేదే. కానీ వస్తావా రావా అనేది సాయంత్రానికల్లా చెప్పు. బ్యానరు రాయించాల. ఇంకోటి, గంటకు అనుకున్నాయన పెళ్ళికి పోతాండాడంట. శర్మగారిని అడిగి చూడు. ఆయన సభ మెట్లెక్కి యెన్నాళ్ళాయె." శర్మగారు ఒకప్పుడు నూరు మంది పృచ్ఛకులను వరస తప్పకుండా చుట్టివచ్చిన శతావధాని. ఒక ఏడు ఉన్నట్టుండి ఇక చేయనన్నారు. పొగరన్నారు కొందరు. సన్మానం చాలలేదన్నారు ఇంకొందరు. ఆయనను సూటిగా అడిగినవాడి చేత ఆ రోజు ఇంటి చూరు మీద పడిన వేపాకు ఊడ్పించారట.

తలుపు తీసింది శర్మగారి భార్య కామాక్షమ్మగారు. "రా ఓబులేసూ, తడిసినావే. గొడుగు లేని ఇల్లా మీది?" అని తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఓబులేసు తల తుడుచుకుంటూ లోపలికి చూశాడు. ముందు గది ఎందుకో బోసిగా కనిపించింది. టీవీ ఉండే బల్ల మీద ఊరగాయ జాడీలు ఉన్నాయి. గోడ గడియారం ఉన్నచోట గుండ్రటి తెల్లని మచ్చ ఉంది. శర్మగారు పక్క గదిలో, కిటికీ సగం మూసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నారు. పాతది, మూత మూల విరిగితే ఓబులేసే టేపు వేసి అతికించాడు. అందులో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించిందీ అతనే. తన అవధాన పద్యాలను జ్ఞాపకం ఉన్నవి ఉన్నట్టు కూర్చొని టైపు కొట్టుకుంటానని శర్మగారు అడిగితే, కాలేజీలో పక్కన పడేసిన యంత్రాన్ని ప్రిన్సిపాలు అనుమతితో తెచ్చి, తుడిచి, తెలుగు అక్షరాలు పెట్టి ఇచ్చాడు.

"రా నాయనా" అన్నారు శర్మగారు.

నాయనా. ఓబులేసు సంచీ కింద పెట్టాడు. అడగాలనుకున్నది ఒకటి, అడిగింది ఇంకొకటి. "స్వామీ, పద్యం నాలోనే ఉండాది. మూడో పాదం కండ్లకు కనపడతానే ఉండాది. మరి జమ్మలమడుగు సభలో నోటికి యెందుకు రాకపాయె? లోపల ఉండేది బయటికి రానప్పుడు అది ఉన్నట్టా, లేనట్టా? లేనట్టే అయితే చెప్పండి, ఈ పొద్దుతో మానుకుంటా. నంద్యాల వాళ్ళకు సాయంత్రం లోపల మాట చెప్పాల." అనుకోకుండా గొంతు పెరిగింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

శర్మగారు చాలాసేపు అతని ముఖం వంక చూశారు. ఎక్కడో చూసిన ఊరి వంక బస్సు కిటికీలోంచి చూసినట్టు చూశారు. తరువాత ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పారు. "అది సరే నాయనా. ఈ పెట్టె కూడా అట్లనే బిగుసుకొని పోతాండాది. ముందు దీని సంగతి చూడు."

ఓబులేసుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తాను మునిగిపోతుంటే ఈయనకు పెట్టె గోల. అయినా కూర్చున్నాడు. పదేళ్ళ అలవాటు, కూర్చోమంటే కూర్చోవడం. తెర చూస్తే అది తాను పెట్టి ఇచ్చినది కాదు. కిటికీలు గాజు పలకల్లా ఒకదాని వెనక ఒకటి కనిపిస్తున్నాయి. మూలన గడియారం తిరుగుతోంది, దాని కింద మబ్బులు కదులుతూ హైదరాబాదు వాతావరణం చెబుతోంది. ఏది ముట్టుకున్నా అల లాగా లేస్తోంది. "దసరాకు అల్లుడు వచ్చి అలంకరించినాడు" అన్నారు శర్మగారు. "పెండ్లికొడుకును చేసినాడు. ఆ పొద్దు నుంచి దీనికి ఊపిరాడదు." అంటుండగానే అది జరిగింది. బాణం గుర్తు కదులుతోంది గాని నొక్కితే పలకడం లేదు. కాసేపటికి బాణమూ ఆగింది. అల ఒకటి సగం లేచి అట్లాగే నిలబడిపోయింది.

"ఇదో, ఇట్ల. ఇప్పుడు ఈ మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే ప్రాణం పోతాది. మళ్ళా పుట్టిస్తా. రోజుకు అదే పని." ఆయన చెయ్యి అప్పటికే మీట మీదికి పోయింది.

"వద్దు వద్దు!" ఓబులేసు గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. గురువుగారి చెయ్యి అట్లా పట్టుకోవడం అదే మొదలు. చల్లగా, తేలికగా ఉంది. "చచ్చిపోలేదు స్వామీ. ముఖం ఒక్కటే బిగిసింది. లోపల పని జరుగుతాండాది, చూడండి, ఈ చిన్న లైటు కొట్టుకుంటాంది కదా. ఇట్ల చంపితే రాసుకున్నవి సగంలో విరిగిపోతాయి. వేరే వాకిలి నుంచి పోయి పిలవాల." మూడు మీటలు కలిపి నొక్కాడు. కాస్త ఆలస్యంగా గాజు పలకలు, మబ్బులు అన్నీ మాయమై తెర నల్లబడింది. నల్లని తెర మీద పైన ఒక్క తెల్లని వరస, దాని పక్కన ఆరుతూ వెలుగుతూ చిన్న గీత.

"ఏమంటాది?" అన్నారు శర్మగారు.

"పేరు అడుగుతాండాది స్వామీ. ఎవరు నువ్వు అని. పేరు చెబితేనే లోపలికి రానిస్తాది. ఏం పెట్టినాము అప్పుడు?"

శర్మగారు తెర వంక చూశారు. వంటింటి వైపు చూశారు. "నాకేం తెలుసు నాయనా" అన్నారు, "అది పెట్టినవాడికి తెలియాల."

ఓబులేసు విరూపాక్ష అని కొట్టాడు. ఒప్పుకోలేదు. శర్మ అని కొట్టాడు. ఒప్పుకోలేదు. అప్పుడు గుర్తుకు వచ్చింది. పెట్టె తెచ్చి ఇచ్చిన రోజున ఇదే గదిలో ఇదే కుర్చీలో తాను కూర్చొని, మీ పేరు పెడతాను అంటే శర్మగారు ఒప్పుకోలేదు. "పొద్దున లేచి నా పేరు నేను చూసుకోవడం ఏం బాగుంటాది? అద్దంతో మాట్లాడుకున్నట్టు. నీ పేరు పెట్టు. రోజూ ఒకసారి కనపడతాంటావు" అన్నారు. అప్పుడు అది వాత్సల్యం అనుకున్నాడు. సంతోషంతో ఆ రాత్రి భార్యకు రెండుసార్లు చెప్పాడు. ఇప్పుడు అహోబలేశం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఆగాడు. రహస్యపదం అడిగింది. శర్మగారు చెయ్యి చాపి తానే కొట్టారు. ఆ వేళ్ళు ఎక్కడా తడబడలేదు.

వాకిలి తెరుచుకుంది. ఓబులేసు ఏ పని ఎంత చోటు ఆక్రమించిందో చూపించే జాబితా తెరిచాడు. ఇట్లాంటి జబ్బులకు మొదట వేడిని అనుమానించాలి, తరువాత డిస్కును. చెయ్యి పెట్టి చూశాడు, పెద్ద వేడి లేదు. గాలిపంకా దుమ్ము ఊదాడు. డిస్కుకు పరీక్ష పెట్టాడు, ఆరోగ్యంగా ఉంది. మిగిలింది ఒకటే. "మెమరీ చాలడం లేదు స్వామీ" అన్నాడు. ల్యాబులో పిల్లలకు చెప్పే గొంతు అతనికి తెలియకుండానే వచ్చేసింది. "చేతిలో ఉండే పనులు పెట్టుకోవడానికి దీనికి కొంచెమే చోటు ఉండాది. ఈ అలంకారాలు వచ్చి ఆ చోటంతా కూర్చున్నాయి. అప్పుడు ఇది ఏం చేస్తాదంటే, కొన్నింటిని తీసుకొనిపోయి డిస్కు మీద దాస్తాది. అవి కావాల్సి వస్తే మళ్ళా తెస్తాది, తెచ్చిన దాని కోసం ఇంకోటి దాస్తాది. దాయడం, తేవడం, ఇంతే. అసలు పనికి తీరిక ఉండదు. బయట చూసేవాళ్ళకు బిగుసుకొని పోయినట్టు ఉంటాది."

"ధారణ" అన్నారు శర్మగారు మెల్లగా. "ఆ చోటు పెంచడానికి వీల్లేదా నాయనా?" అన్నారు.

"దీంట్లో లేదు స్వామీ. పుట్టుకతోనే బోర్డుకు అతికించి ఉంటాది. తగ్గించుకోవడం ఒకటే దారి."

ఓబులేసు ఒక్కొక్కటిగా ఆపడం మొదలుపెట్టాడు. వాతావరణం ఆపాడు. ఇంట్లో ఉన్న ప్రతి కాగితాన్నీ వెతికి పెట్టుకునే పనివాడు ఒకడు లోపల తిరుగుతున్నాడు, వాణ్ణి ఆపాడు. ఎవరో పిలుస్తారేమోనని చెవి ఒగ్గి కూర్చున్నవాణ్ణి ఆపాడు. ప్రతిసారీ శర్మగారు ముందుకు వంగి, "దీన్ని ఆపితే దానికి ఏమన్నా అవుతాదా?" అని అడిగారు. "ఏం కాదు స్వామీ, అది లేకుండా బతుకుతాది" అని ఓబులేసు చెప్పాడు. అలంకారాల తెరను పూర్తిగా తీసేసి బరువు లేని పలచని తెర పెట్టాలంటే ఇంటర్నెట్టు కావాలి. పెట్టెకు తన ఫోను కలిపి దింపుకోమని చెప్పాడు. వానకు సిగ్నలు అంతంత మాత్రంగా ఉంది. ఎంత దిగిందో చూపే గీత ఒకటి చీమలా పాకుతోంది.

కాఫీ తాగమని కామాక్షమ్మగారు పిలిస్తే వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసు చేతికిస్తూ ఆమె గొంతు తగ్గించింది. "నువ్వన్నా చెప్పు ఆయనకు. టీవీ తీసేయమన్నాడు. సరే అన్నా. పేపరు వద్దన్నాడు. గడియారం టిక్కుటిక్కుమంటాంది, దింపమన్నాడు. మొన్న వాకిలి గంట ఊడబీకించినాడు. వచ్చినవాళ్ళు తలుపు కొట్టుకోవాల్సిందే. పెండ్లికి పోదామంటే వద్దు, సభకు పిలిస్తే వద్దు. ఒకటొకటిగా అన్నీ ఆపుకుంటా వచ్చినాడప్పా. ఇంక ఈ ఇంట్లో మోగేదాన్ని నేనొక్కదాన్నే మిగిలినా." నవ్వబోయింది. నవ్వు సగంలో నిలబడిపోయింది. కొంగుతో గ్లాసు అడుగు తుడిచి, అప్పటికే ఒకసారి తుడిచిన గట్టును మళ్ళీ తుడవసాగింది.

ఓబులేసు కాఫీ చేతిలో పట్టుకొనే తిరిగి వచ్చాడు. గది గడప దగ్గర ఆగాడు. శర్మగారు తెర మీద పాకే గీతను చూస్తూ కూర్చొని ఉన్నారు. అలికిడి విని తల తిప్పారు.

"ఆ చోటు పెంచడానికి వీల్లేదా నాయనా?" అన్నారు.

అదే మాట, అదే వరస, అదే మెల్లని గొంతు. ఇంతకు ముందు అడిగినట్టు ఆ ముఖంలో ఎక్కడా లేదు. ఓబులేసు గ్లాసు కిటికీ మీద పెట్టాడు. "లేదు స్వామీ" అన్నాడు. ఒకప్పుడు ఈయన ముందు కూర్చొని పద్యం తప్పు చదివితే, ఎన్నేళ్ళ కిందటో ఏ ఊళ్ళోనో ఎవరో చదివిన సరైన పాఠం, ఆ రోజు ఆ మనిషి కట్టుకున్న పంచె అంచుతో సహా చెప్పేవారు. నూరు మంది ముఖాలు, నూరు ప్రశ్నలు, ఏ వరసలో ఎవరు. ఓబులేసు కూర్చొని చెయ్యాల్సిన పని మీద దృష్టి పెట్టాలని చూశాడు. మొదటి తెర సరిచేయాలి. పెట్టె తెరవగానే పేరు కనిపించి, ఇది నువ్వేనా అని అడిగే తెర. దాన్ని వెతికాడు. లేదు. అల్లుడు తీసేశాడు. రోజూ పేరూ గీరూ నొక్కడం ఎందుకు మామగారూ, తెరవగానే వచ్చేస్తుంది అని ఉంటాడు. మంచికే చేశాడు. దసరా పండగకు వచ్చి చేశాడు.

దసరాకు. ఓబులేసు వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. ఆ తెర ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున ఒకసారి పేరు కనిపించేది. కనిపించిన రోజుల్లో పిలిచారు. జమ్మలమడుగు వేదిక మీద కూర్చొని తాను వెతికిన తప్పు ఏదీ లేదు. ఉంటే బాగుండుననిపించింది. కోపమైతే కాళ్ళ మీద పడి పోగొట్టుకోవచ్చు. వాన జోరు పెరిగింది. ఫోను మోగింది. చిన్నపరెడ్డి. మోగనిచ్చి ఊరుకున్నాడు. సంచీలోని శాలువా సంగతి అతను అప్పటికే మరిచిపోయాడు.

దింపుకోవడం పూర్తయింది. పలచని తెర పెట్టాడు. తరువాత, ఎవరూ అడగకపోయినా, మొదటి తెరను మళ్ళీ నిలబెట్టాడు. పేరు ఉండాల్సిన చోట ఈసారి ఇంగ్లీషు అక్షరాలు తీసేసి తెలుగులో కొట్టాడు. అక్షరాల సైజు పెంచాడు. ఇంకా కొంచెం పెంచాడు. పెట్టెను పద్ధతిగా మూసి, పద్ధతిగా మళ్ళీ తెరిచాడు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. బూడిద రంగు తెర, మీద అలంకారం ఏదీ లేదు, నడుమ ఒక్క పేరు.

శర్మగారు కళ్ళజోడు సర్దుకొని ముందుకు వంగారు. పెదవులు ముందుగా కదిలాయి, గొంతు తరువాత వచ్చింది.

"అహోబలేశం" అన్నారు.

పిలిచారో, చదివారో ఓబులేసుకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. "స్వామీ" అని పలికాడు. శర్మగారి ముఖం ఒక్కసారి విప్పారింది. "జమ్మలమడుగులో ఏమో అయ్యిందన్నావు" అన్నారు, అప్పుడే వచ్చి కూర్చున్నవాణ్ణి అడిగినట్టు. ఓబులేసు ఉన్నదున్నట్టు మళ్ళీ చెప్పాడు. డాక్టరు అడిగిన ప్రశ్న మాత్రం చెప్పలేదు. శర్మగారు వింటూ వింటూ రహస్యపదం కొట్టారు. పేరు ఉన్న తెర తొలగిపోయి, ఖాళీగా, తేలికగా, పలచని తెర వచ్చింది. దాని మీద పద్యాల ఫైలు ఒక్కటే ఉంది. తెరిస్తే వెంటనే తెరుచుకుంది. ఆయన ఒక పాదం కొట్టారు. ఆగారు. రెండో పాదం కోసం కిటికీ వంక చూశారు. చాలాసేపు చూశారు. పెట్టె మాత్రం ఎక్కడా బిగుసుకోకుండా, ఆ చిన్న గీతను ఆర్పుతూ వెలిగిస్తూ, ఆయన కోసం కాచుకొని ఉంది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఓబులేసు తీశాడు. అవతల చిన్నపరెడ్డి ఏమీ అనకముందే, "వస్తాండా రెడ్డిగారూ. బ్యానరు రాయించండి" అన్నాడు. పేరు ఎట్ల రాయించాల, ఓబులేసనా, అహోబలేశమనా అని ఆయన అడిగాడు. "అహోబలేశం. పెద్ద అక్షరాల్లో రాయించండి. వేదిక మీద యాడ కూర్చున్నా కనపడాల" అన్నాడు. గంట సంగతేమాయె అని అవతల అడుగుతుండగా ఫోను చేత్తో మూసి, గురువుగారి వైపు తిరిగాడు. ఆయనను అడగడం తప్పేమో. లెక్క సరిచూడాల్సిన ఘట్టంలో సభంతా చూస్తుండగా ఆయన ఏమంటారు? అయినా ఈ గదిలో ఈ సగం మూసిన కిటికీ దగ్గర వదిలి వెళ్ళడం ఇంకా పెద్ద తప్పుగా తోచింది. "స్వామీ, నంద్యాలలో గంటకు మనిషి లేడంట. మీరు వచ్చి నా ఎదురుగా కూర్చుంటారా?"

కామాక్షమ్మగారు గడపలోకి వచ్చి నిలబడింది. శర్మగారు సమాధానంగా ఈసారి ఏ పనీ చెప్పలేదు. రెండో పాదం రాని తెర మీదనే చూపు ఉంచి, ఎవరూ వినకూడని మాట చెబుతున్నట్టు అన్నారు.

"గంట నేను కొడతా నాయనా. లెక్క నువ్వే పెట్టుకో."